చాటింపు వేసిన తేదీకి కట్టుబడండి

తిరుపతి విశ్వవిద్యాలయాల పాలకులకు ఒక విద్యార్థిని బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, పరీక్షల విభాగం అధికారులకు, పాలకమండళ్ళ సభ్యులకు,

నమస్కారం.

నేను తిరుపతిలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. ఏ విశ్వవిద్యాలయంలో చదువుతున్నానో ఇక్కడ రాయడం లేదు. వేర్వేరు ప్రాంగణాల్లో చదివే స్నేహితులతో మాట్లాడినప్పుడల్లా అందరి నోటా అదే కష్టం వింటున్నాను కనుక, ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదనిపించింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి ఈ ఊరు రాయలసీమ పిల్లలకు చదువుల వాకిలి అయింది. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. పశువైద్య, వైదిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఇన్ని విద్యాసంస్థల పెద్దలు ఇంత దగ్గర దగ్గరగా ఉండి తమ తమ విద్యా క్యాలెండర్లు తయారుచేస్తున్నారు. మీ అందరికీ కలిపి ఒక మనవి చేసుకుంటున్నాను.

పరీక్ష తేదీ ఒకసారి ప్రకటించాక దానికి కట్టుబడండి. కట్టుబడడానికి వీలయ్యే తేదీనే ముందుగా ఆలోచించి ప్రకటించండి.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. మా ఇంటి సంగతి చెబితే అర్థమవుతుంది.

మా అమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. నాన్న బెంగళూరులో తాపీ పని చేస్తారు, నెలకొకసారి ఇంటికి వస్తారు. ఎకరం మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డు, అదే మా ఆస్తి. పట్టుపురుగుల ఇంట్లో పుట్టినవాళ్ళకు తేదీ విలువ చిన్నప్పుడే తెలిసివస్తుంది. రెండో జ్వరం, అంటే రెండోసారి పొర విడిచే దశ, దాటిన పురుగులను, గుడ్లు పొదిగించి చిన్న పురుగులను పెంచి ఇచ్చే చాకీ కేంద్రం నుంచి ఇంటికి తెచ్చుకున్నాక సుమారు రెండున్నర వారాలకు అవి పండుతాయి. చివరి వారంలో వాటి ఆకలికి అంతుండదు. షెడ్డులోకి వెళితే ఆకు కొరికే చప్పుడు సన్నటి వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. ఆ తర్వాత ఒక పూట చప్పుడు తగ్గిపోతుంది. తెల్లని పురుగు పసుపు ఛాయకు తిరిగి, మేత మానేసి, తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతుంది. ఆ పూటే ఏరి, గూడు అల్లుకునే తట్టలైన చంద్రికల మీద వేయాలి. ఆలస్యమైతే మేత పడక మీదనే దారం వదలడం మొదలుపెడుతుంది, ఆ పట్టంతా వృథా. ఆ ఒకటి రెండు రోజులు ఇంట్లో ఎన్ని చేతులు ఉన్నా చాలవు.

మొదటి సెమిస్టర్ పరీక్షల పట్టిక వచ్చిన సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చదివి వినిపించాను. సోమవారం మొదలై మరుసటి వారం శనివారంతో ముగుస్తాయి. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నేను ఇల్లు చేరిన మూడో రోజుకు, అంటే మంగళవారానికి, పురుగులు పండేలా చాకీ కేంద్రంలో నూరు చిలకలు పెట్టిన గుడ్లకు చెప్పుకుంది. పరీక్షలకు నాలుగు రోజుల ముందు మరో నోటీసు వచ్చింది. అనివార్య కారణాల వల్ల పరీక్షలన్నీ పదకొండు రోజులు వాయిదా. ఆ కారణాలేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటికే చాకీ కేంద్రంలో పురుగులు పుట్టి మేత తింటున్నాయి. వాటిని ఆగమని చెప్పడం ఎవరి తరమూ కాదు కదా.

అమ్మ లెక్క తప్పలేదు, మంగళవారమే పురుగులు పండాయి. ఆ ఉదయం నేను పరీక్ష హాల్లో ఉన్నాను. ఇద్దరు కూలీలను పిలుచుకుంటే ఒక్కరే వచ్చారట. రాత్రి ఫోన్ చేస్తే, పరీక్ష బాగా రాశావా అని మాత్రమే అడిగింది. గూళ్ళ సంగతి ఎత్తలేదు. తర్వాత ఇంటికి వెళ్ళినప్పుడు గోడకు తగిలించిన సంచిలో అమ్మకం చీటీ కనిపించింది. పలుచటి గూళ్ళు ఎక్కువగా ఉన్నాయని ధర బాగా తగ్గించి రాశారు. ఆ పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కుల జాబితా చూసినప్పుడల్లా నాకు ఆ చీటీయే గుర్తుకొస్తుంది.

మా తరగతిలో పట్టుపురుగుల ఇల్లు మాదొక్కటే. కానీ పరీక్షల పట్టిక చూసి ఇంట్లో ఏదో ఒకటి సర్దుకోని వాళ్ళు ఒక్కరూ లేరు. ఒక అన్న రాత్రిపూట లాడ్జి కౌంటర్లో పని చేస్తూ చదువుకుంటున్నాడు. పరీక్షల రోజులకు తన వంతును ఇంకొకరితో మార్చుకుంటాడు. ఆ ఇంకొకరు రెండోసారి ఒప్పుకోరు. ఒక అక్కకు రెండేళ్ళ పాప ఉంది. పరీక్షలు ఉన్నన్ని రోజులు పాపను చూసుకోవడానికి అత్తగారు కుప్పం వైపు నుంచి వస్తారు. తేదీ మారితే ఆమె తిరిగి వెళ్ళి మళ్ళీ రావాలి. మీరు ఒక కాగితం మీద తేదీ మారుస్తారు. ఆ కాగితం చేరిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు మరొకరి కాళ్ళావేళ్ళా పడాల్సి వస్తుంది.

మీకూ ఇబ్బందులు ఉంటాయని నాకు తెలుసు. ప్రశ్నపత్రాలు సమయానికి రావాలి, అనుబంధ కళాశాలల నుంచి వివరాలు అందాలి, ఉద్యోగుల ఖాళీలు భర్తీ కావడం లేదు, పైనుంచి ఉత్తర్వులు వస్తుంటాయి. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ప్రవేశ పరీక్షగా పీజీసెట్ వచ్చాక ప్రవేశాల తేదీలు కూడా పూర్తిగా మీ చేతిలో లేవు. ప్రవేశాలు ఆలస్యమైన ఏడాది మొదటి సెమిస్టర్‌ను కుదించి లాగించేయడం చూశాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఏడాదికి కనీసం 180 బోధన దినాలు ఉండాలి, వారానికి ఆరు రోజుల చొప్పున 30 వారాలు. ఆ లెక్క కాగితం మీద కుదిరితే చాలదు, తరగతి గదిలోనూ కుదరాలి. ఆఖరి రెండు యూనిట్లను మూడు రోజుల్లో చదివి వినిపించి సిలబస్ పూర్తయిందనిపించుకున్న సబ్జెక్టుల్లో మేము నేర్చుకున్నది చాలా తక్కువ. ఇందులో మా అధ్యాపకులను తప్పుపట్టలేను, వాళ్ళకు దొరికిన రోజులే అన్ని.

ఈ ఊళ్ళో ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. మీలో చాలామంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ముందుగా చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటరాదన్నది పాతకాలం నుంచి వస్తున్న కట్టుబాటు. మేమున్న హాస్టల్ వంటమనిషి ఆ వారం కన్నకూతుర్ని చూడడానికి కూడా పక్క ఊరికి వెళ్ళలేదు. బైరాగి వేషం ఏ రోజు, దొర వేషం ఏ రోజు, మాతంగి వేషం ఏ రోజు అని ఆమెను అడిగితే తడుముకోకుండా చెబుతుంది. చాటింపు వేసినవాళ్ళు మాట మార్చరన్న నమ్మకంతోనే ఊరంతా తన పనులను దాని చుట్టూ సర్దుకుంటుంది. విశ్వవిద్యాలయం నోటీసు బోర్డు మీద మీరు అతికించే కాగితాన్ని కూడా మేము చాటింపుగానే భావిస్తాం. దాన్ని నమ్మి ఇంట్లో చెబుతాం, దాన్ని నమ్మి బస్సు టికెట్టు తీసుకుంటాం.

ఇక వాన సంగతి. మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుందని బడి పుస్తకాల్లోనే చదువుకున్నాం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు ఎవరూ మరిచిపోలేరు. రాయలచెరువు కట్టకు ప్రమాదం వచ్చిందని చుట్టుపక్కల పల్లెలను ఖాళీ చేయించారు. అదే వానకు కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2022 డిసెంబరులో మాండూస్ తుఫాను, 2023 డిసెంబరులో మిచౌంగ్. సరిగ్గా ఆ నెలల్లోనే మన సెమిస్టర్ పరీక్షలు పడుతుంటాయి. వాన పడ్డ ప్రతిసారీ అది ఎన్నడూ రానిదే వచ్చినట్టు అప్పటికప్పుడు వాయిదా నోటీసు వస్తుంది. నవంబరు, డిసెంబరు పట్టికలో రెండు మూడు రోజులు వాన కోసం ముందే ఖాళీగా ఉంచండి. వాన వచ్చి పరీక్ష ఆగితే, అది ఏ రోజుకు మారుతుందో పట్టికలోనే రాసి ఉండాలి. వాన రాకపోతే ఆ రోజులు మాకు చదువుకోవడానికి మిగులుతాయి.

వాన సెలవు ప్రకటించే వేళ గురించి కూడా ఒక మాట. హాస్టల్లో ఉండేవాళ్ళకు ఉదయం ఎనిమిదిన్నరకు సెలవని తెలిసినా ఫరవాలేదు, దుప్పటి కప్పుకుని మళ్ళీ పడుకుంటారు. చిత్తూరు నుంచి, పీలేరు నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళు ఆ వేళకు బస్సులో సగం దారిలో ఉంటారు. కిందటి ఏడాది ఒక వాన ఉదయం నా స్నేహితురాలు తడిసి ముద్దయి విభాగం మెట్లు ఎక్కింది. తలుపుకు తాళం వేసి ఉంది. సంచిలోని రికార్డు పుస్తకం తీసి చూస్తే సిరా అంతా కారిపోయి, ఆమె మూడు వారాలు కూర్చుని గీసిన పటాలు నీలం మరకలయ్యాయి. ఆ మెట్ల మీదే కూర్చుని పేజీలు ఒక్కొక్కటిగా విడదీసి చున్నీతో అద్దుకుంది. తుఫాను వస్తోందని వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతోంది. ముందు రోజు సాయంత్రం ఏడు గంటల లోపు మీరు నిర్ణయం తీసుకోగలరు. ఒకవేళ మరునాడు ఎండ కాసినా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.

వాన అంచనా ఎప్పుడైనా తప్పవచ్చు. పంచాంగం తప్పదు. బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, ఐదో రోజు రాత్రి గరుడ సేవ. అధిక మాసం వచ్చిన ఏడాది రెండు బ్రహ్మోత్సవాలు, 2023లో సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి జరిగాయి. వైకుంఠ ఏకాదశికి పది రోజులు ద్వార దర్శనం. ఈ రోజుల్లో తిరుపతి బస్టాండులో కాలు మోపే చోటు ఉండదు. ఇవన్నీ ఏ ఏడాది ఏ తేదీన వస్తాయో పంచాంగం చూస్తే ఏడాది ముందే తెలిసిపోతుంది. అయినా గరుడ సేవ మరునాడు ఉదయం పది గంటలకు ఇంటర్నల్ పరీక్ష పెట్టారు. ముందు రోజు సాయంత్రమే బయలుదేరిన మా సహాధ్యాయి ఒకరు అర్ధరాత్రి దాకా నిలబడి ప్రయాణం చేసి, నిద్రలేని కళ్ళతో వచ్చి రాశారు. సెలవు ఇమ్మని అడగడం లేదు. ఆ ఒక్క పరీక్షను రెండు రోజులు అటో ఇటో జరిపి ఉంటే సరిపోయేది. అలాగే అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ జూన్‌లో, డిసెంబరులో ఏటా రెండుసార్లు జరుగుతుంది. నెట్ రాయబోయే రెండో సంవత్సరం పీజీ విద్యార్థులకు ఆ వారంలోనే సెమిస్టర్ పేపరు పెట్టడం ఎవరికి మేలు? తిరుపతి విశ్వవిద్యాలయాల పరీక్షల అధికారులు ఏడాదికి ఒక్క పూట ఒకచోట కూర్చుని ఈ తేదీలన్నీ బల్ల మీద పరుచుకుంటే చాలావరకు తేలిపోతుంది.

సెలవుల్లో హాస్టల్ గురించి రాయకుండా ఉండలేను. దసరాకు, సంక్రాంతికి మెస్ మూసేస్తారు. వంటవాళ్ళకూ పండుగ ఉంటుంది, వాళ్ళు ఇంటికి వెళ్ళాల్సిందే. కానీ సెలవు ముగిసిన మరునాడే పరీక్ష ఉన్నప్పుడు చాలామంది గదుల్లోనే ఉండిపోతారు. ఇంట్లో చదువుకునే చోటు లేనివాళ్ళు ఉన్నారు, ఇంటికి వెళితే పొలం పనిలో పుస్తకం ముట్టుకోలేమని భయపడేవాళ్ళు ఉన్నారు, వెళ్ళడానికి ఇల్లే లేనివాళ్ళు కూడా మా అంతస్తులో ఇద్దరు ఉన్నారు. కిందటి దసరాకు మేము ఏడుగురం ఐదు రోజులు బన్ను, అరటిపండు, సాయంత్రం గేటు బయట బండి మీద దొరికే ఇడ్లీతో గడిపాం. నాలుగో రోజు ఒకమ్మాయి కళ్ళు తిరిగి వరండాలో పడిపోయింది. ఆ రోజుల్లో ఒక్క పూట అన్నం పెట్టే ఏర్పాటు ఉంటే చాలు. ఎంతమంది ఉంటారో ముందే పేర్లు రాసుకోండి, ఖర్చు మా మెస్ బిల్లులోనే వేయండి. పండుగకు ఇంటికి వెళ్ళని వంటవాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు, ఆ ఐదు రోజులకు వాళ్ళకు అదనంగా ఇవ్వండి.

గ్రంథాలయం మాకు నిజంగా వరం. మా గదిలో నలుగురం ఉంటాం, ఒకరు నిద్రపోతే దీపం తీసేయాలి. పరీక్షల నెలలో చదువుల గదిని రాత్రి పది దాకా తెరిచి ఉంచుతున్నారని తెలిసినప్పుడు చాలా సంతోషించాం. కానీ అమ్మాయిల హాస్టల్ గేటు ఎనిమిదికే మూసేస్తారు. మేము ఏడున్నరకే పుస్తకాలు సర్దుకుని లేచి వస్తుంటే, ఎదురుగా కూర్చున్న అబ్బాయిలు ఇంకా రెండున్నర గంటలు చదువుకుంటారు. అదే సిలబస్, అదే ప్రశ్నపత్రం. మా భద్రత కోసమే అంటారు. శేషాచలం అంచున ఉన్న ప్రాంగణాల్లో చిరుత సంచారం గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపాప చిరుతకు బలైన దుఃఖం ఈ ఊరిని ఇంకా వదల్లేదు. కనుక భయం లేదని అనను. అయితే చిరుత అబ్బాయిలను వదిలిపెట్టదు కదా. గ్రంథాలయం నుంచి హాస్టల్ దాకా ఉన్న దారిలో వెలగని దీపాలు తొమ్మిది లెక్కపెట్టాను. వాటిని వెలిగించి, పొదలు కొట్టించి, రాత్రి పది తర్వాత ఒక బస్సు తిప్పితే అందరికీ భద్రత దొరుకుతుంది. భద్రత పేరుతో హాస్టళ్ళలో ఆడవాళ్ళకు మాత్రమే వేరే నియమాలు పెట్టకూడదని యూజీసీ వేసిన బృందం 2013లోనే సక్షమ్ నివేదికలో స్పష్టంగా చెప్పింది.

పట్టాల విషయం క్లుప్తంగా ముగిస్తాను. విద్యార్థి అర్హత పొందిన నాటి నుంచి 180 రోజుల లోపు పట్టా ఇవ్వాలని యూజీసీ 2008 నిబంధనలు చెబుతున్నాయి. మా సీనియర్లలో ఇంకా తాత్కాలిక సర్టిఫికెట్టే పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఉన్నారు. ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళు అంతకాలం ఆగరు.

కొన్ని మంచి సంగతులు కూడా చెప్పాలి. హాల్ టికెట్టులో నా సబ్జెక్టు కోడ్ తప్పుగా పడినప్పుడు పరీక్షల విభాగంలో ఒక ఉద్యోగి సాయంత్రం ఆరు దాటాక కూడా ఆగి సరిచేయించి ఇచ్చారు. తాను భోజనం కూడా చేయలేదని తర్వాత తెలిసింది. అలాంటివాళ్ళు ఉన్నారు కనుకనే మొరపెట్టుకోవాలనే ఆశ మిగిలింది. తేదీలు మారినప్పుడు కౌంటర్ దగ్గర మా కోపమంతా పడేది వాళ్ళ మీదే. వాళ్ళకూ మా వెనకనే తెలుస్తుంది, మాలాగే ఫోన్లో వచ్చిన సందేశం చూసి.

నా వినతి ఇదీ. తరగతులు మొదలయ్యే ముందే ఏడాది మొత్తానికి పరీక్షల తేదీలతో సహా క్యాలెండర్ ఇవ్వండి. తప్పనిసరై మార్చాల్సి వస్తే కనీసం పదిహేను రోజుల ముందు చెప్పండి, కారణం ఏమిటో రాయండి. అనివార్య కారణాలు అన్న రెండు మాటలు మాకు చాలవు. ఆ క్యాలెండర్ రాసేటప్పుడు హాస్టల్లో ఉండేవాళ్ళలో ఒకరిని, రోజూ బస్సులో వచ్చేవాళ్ళలో ఒకరిని, పరీక్షల విభాగం కౌంటర్లో కూర్చునేవాళ్ళలో ఒకరిని పిలిచి కూర్చోబెట్టుకోండి. మేము ఓటు అడగడం లేదు, ఆ ఒక్క పూట మా మాట వినమంటున్నాం. విద్యార్థుల ఫిర్యాదులపై పదిహేను పనిదినాల్లో విశ్వవిద్యాలయంలోని ఫిర్యాదుల పరిష్కార సంఘం తన నివేదిక ఇవ్వాలని 2023 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంఘానికి కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాను.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. నవంబరు పంటకు చాకీ కేంద్రంలో పేర్లు రాసుకుంటున్నారట. నీ పరీక్షలు ఎప్పుడు, ఏ వారానికి చెప్పుకోమంటావు అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. చాకీ కేంద్రం వాళ్ళు వచ్చే గురువారం దాకా ఆగుతామన్నారు.

మీ విద్యార్థిని,
తిరుపతి